300 యూరోల పాడెల్ రాకెట్: కొనేముందు ఏం కొలవాలి, కోర్టులో ఏం చూడాలి?

మణికొండ_వాలీ

నమస్తే అందరికీ. పాడెల్‌లో (గాజు గోడల మధ్య జోడీలుగా ఆడే, టెన్నిస్ లాంటి ఆట) అడ్వాన్స్‌డ్ లెవెల్‌కి తగ్గ రాకెట్ ఒకటి తీసుకోవాలి. వడపోత అయ్యాక మూడు మిగిలాయి: నాక్స్ ఏటీ10 జీనియస్ 18కె (ఆటగాడు టాపియా పేరు మీద వచ్చేది), బుల్‌పాడెల్ వెర్టెక్స్, అడిడాస్ మెటల్‌బోన్. కుడిచేతి వాటం, లెఫ్ట్ సైడ్ ఆట, వారానికి నాలుగు సెషన్లు. సగం ఇండోర్, సగం సాయంత్రాలు ఓపెన్ కోర్టులో.

యూరప్‌లోనే 300 యూరోల పైన పలికే సరుకు. రివ్యూలన్నీ "పవర్ 9, కంట్రోల్ 8" అని మార్కులు వేసి ఊరుకుంటున్నాయి. ఆ మార్కులతో ఏమీ తేలడం లేదు. డెమో రాకెట్లతో రెండు సెషన్లు ఆడనిస్తామన్నారు. ఆ రెండు సెషన్లలో ఏం పరీక్షించాలి? షాపులో చేతికి తీసుకున్నప్పుడు ఏం కొలవాలి?

తూకంరాళ్లు

ఏ మోడల్ అన్నది సగం ప్రశ్నే. ఆ మోడల్‌లో ఏ పీసు అన్నది మిగతా సగం.

రూలు ప్రకారం పాడెల్ రాకెట్ పొడవు 45.5 సెం.మీ., వెడల్పు 26 సెం.మీ., మందం 38 మి.మీ. దాటకూడదు. టాప్ రాకెట్లన్నీ ఈ హద్దులకు ఆనుకునే ఉంటాయి. అంటే బయటి కొలతల్లో తేడా దాదాపు లేదు. తేడా అంతా బరువు ఎంత, ఆ బరువు ఎక్కడ కూర్చుంది, ముఖం ఎంత బిగువు అన్న మూడింటిలోనే.

లేబుల్ మీద 360–375 గ్రాములు అని రాస్తారు. ఆ 15 గ్రాముల మధ్యలో ఏ పీసైనా రావచ్చు. లోపలి ఫోమ్ సాంద్రత, కార్బన్ గుడ్డ పీల్చుకున్న రెజిన్ (జిగురు), పెయింటు, అన్నిట్లో కొంచెం కొంచెం తేడా పోగై ఇలా అవుతుంది. చేతికి 15 గ్రాములు ఏం తెలుస్తాయిలే అనుకోకండి. ఆ 15 తల చివర ఉంటే మూడో సెట్‌లో బ్లాక్ వాలీ (ఊపకుండా రాకెట్ అడ్డం పెట్టి బంతిని తిప్పిపంపడం) చేసేటప్పుడు తెలుస్తుంది.

కాబట్టి షాపుకి ఒక వంటింటి డిజిటల్ త్రాసు పట్టుకెళ్లండి, 1 గ్రాము వరకు చూపించేది చాలు. అదే మోడల్ మూడు నాలుగు పీసులు అడిగి తూచండి. పిడి మీది ప్లాస్టిక్ కవరు తీసేయాలి, ఓవర్‌గ్రిప్ (పిడి మీద అదనంగా చుట్టే పలచటి పట్టీ) ఉండకూడదు, మణికట్టు తాడు ఉండాలి (ఆటలో అది తప్పనిసరి కాబట్టి).

తర్వాత బ్యాలెన్స్, అంటే పిడి అడుగు నుంచి రాకెట్ తూగే బిందువు దాకా దూరం. సుమారుగా 25.5 సెం.మీ. లోపు ఉంటే లో, 25.5–26.2 మధ్య మీడియం, 26.5 దాటితే హై. ఈ విభజన బ్రాండుకో తీరుగా ఉంటుంది, అందుకే పెట్టె మీది "మీడియం" అన్న మాటను కాకుండా సెంటీమీటర్లనే నమ్మండి.

మీరు తగిలించేవి ఆ అంకెను ఎలా జరుపుతాయో కూడా చూడండి. 365 గ్రా., 26.2 సెం.మీ. ఉన్న రాకెట్‌కి 6 గ్రాముల ఓవర్‌గ్రిప్ చుట్టారనుకోండి. దాని కేంద్రం అడుగు నుంచి 7 సెం.మీ. దూరంలో ఉంటుంది.

(365 × 26.2 + 6 × 7) ÷ 371 = 25.9 సెం.మీ.

రెండోది చుడితే 25.6. అదే రాకెట్‌కి ఓవర్‌గ్రిప్ లేకుండా, పైఅంచుకి, అడుగు నుంచి 44 సెం.మీ. దగ్గర, 8 గ్రాముల ఫ్రేమ్ ప్రొటెక్టర్ (అంచు గీసుకోకుండా అంటించే పట్టీ) అంటిస్తే 26.6. ఒక చిన్న స్టిక్కరు మీడియం రాకెట్‌ని హై చేసేసింది.

బెజవాడ_బందేహా

బ్యాలెన్స్ కొలిచే పద్ధతి కొంచెం వివరంగా చెప్పండి గురువుగారూ. వేలి మీద నిలబెట్టి చూస్తే ప్రతిసారీ ఒక్కో అంకె వస్తోంది.

తూకంరాళ్లు

వేలు వెడల్పు, దాని మీద 5 మి.మీ. అటూ ఇటూ కావడం మామూలే. గుండ్రటి పెన్సిల్‌ని టేబుల్ మీద టేపుతో కదలకుండా అంటించి, దాని మీద రాకెట్‌ని అడ్డంగా పడుకోబెట్టండి. తల వైపు వాలే స్థానం, పిడి వైపు వాలే స్థానం రెండూ మార్కర్‌తో సన్నటి టేపు మీద గుర్తు పెట్టండి, నడిమి గీత మీ బ్యాలెన్స్. 1 మి.మీ. ఖచ్చితత్వం వస్తుంది. తాడు వేలాడకుండా పిడికి చుట్టి రబ్బరు బ్యాండు వేయండి.

ఊయల_లెక్క

తూకంరాళ్లు గారి లెక్కలన్నీ సరైనవే. కానీ వాటి నుంచి చాలామంది తప్పు అర్థం లాగుతారు: "రెండు ఓవర్‌గ్రిప్‌లు చుట్టాను, బ్యాలెన్స్ 6 మి.మీ. దిగింది, రాకెట్ తేలికైంది" అని. తేలిక కాలేదు. తల బరువు తలలోనే ఉంది. తిప్పేటప్పుడు చేతికి తగిలే భారాన్ని బ్యాలెన్స్ అంకె పూర్తిగా చెప్పదు, దాన్ని చెప్పేది స్వింగ్ వెయిట్. తిరిగే ఇరుసు నుంచి దూరాన్ని ఇక్కడ వర్గం చేసి గుణిస్తాం.

ఇరుసు పిడి అడుగు నుంచి 10 సెం.మీ. దగ్గర అనుకుందాం. ఓవర్‌గ్రిప్ ఆ ఇరుసుకి 3 సెం.మీ. దూరంలో ఉంది: 0.006 × 9 = 0.05 కిలో–చదరపు సెం.మీ. అంటే సున్నా కింద లెక్క. ప్రొటెక్టర్ 34 సెం.మీ. దూరంలో: 0.008 × 1156 = 9.2. మొత్తం రాకెట్ స్వింగ్ వెయిటే 130 చిల్లర ఉండేచోట ఇది 7 శాతం. ఆ స్టిక్కరు అంటించాక రాకెట్ మొద్దుబారినట్టు అనిపించడానికి కారణం ఇదే.

ఇంట్లోనే కొలవచ్చు. కావాల్సినవి: పొడవాటి స్టీలు అల్లిక సూది, దారం, సమానమైన ఎత్తున్న రెండు టేబుళ్లు, ఫోన్.

సూదిని రాకెట్ ముఖం మీద అడ్డంగా పెట్టి, పైవరసలో ఒకే ఎత్తులో ఉన్న రెండు రంధ్రాల గుండా దారంతో బిగించి కట్టండి. సూది రెండు కొసలూ రెండు టేబుళ్ల అంచుల మీద ఆనాలి, రాకెట్ మధ్య ఖాళీలో పిడి కిందకి వేలాడాలి. ముఖం ముందుకీ వెనక్కీ ఊగేలా కొంచెం, నాలుగు వేళ్ల వెడల్పుకి మించకుండా, లాగి వదలండి. 30 పూర్తి ఊపులకి ఎంత సమయమో ఫోన్ వీడియోలో చూడండి. మూడుసార్లు చేసి సగటు తీయండి.

ఉదాహరణకి: రాకెట్ ఓవర్‌గ్రిప్‌తో 0.371 కిలోలు, బ్యాలెన్స్ 25.9, సూది అడుగు నుంచి 42 సెం.మీ. దగ్గర. రెంటి మధ్య దూరం 16.1. 30 ఊపులకి 28.6 సెకన్లు, ఒక్కోటి 0.953. కింది లెక్కలో 981 భూమ్యాకర్షణ, 39.48 అంటే 4 × π × π, 15.9 అంటే బ్యాలెన్స్ నుంచి 10 సెం.మీ. ఇరుసు దాకా దూరం.

0.953 × 0.953 × 0.371 × 981 × 16.1 ÷ 39.48 = 135
ఇందులోంచి 0.371 × 16.1 × 16.1 = 96 తీసేస్తే 39
దానికి 0.371 × 15.9 × 15.9 = 94 కలిపితే సుమారు 133

అదే బరువు, అదే బ్యాలెన్స్ ఉన్న ఇంకో రాకెట్‌కి 29.2 సెకన్లు వచ్చిందనుకోండి, లెక్క 138 దగ్గర తేలుతుంది. త్రాసుకీ పెన్సిల్‌కీ అందని తేడా ఇది. బరువు మధ్యలో గుమిగూడిందా, రెండు కొసలకి పరుచుకుందా అన్నది ఊపులోనే బయటపడుతుంది.

బెజవాడ_బందేహా

ఇంత హంగామా ఎందుకు? పైరంధ్రంలో స్క్రూడ్రైవర్ దూర్చి వేలాడదీస్తే పోలా?

ఊయల_లెక్క

అలా వేలాడదీస్తే రాకెట్ పక్కలకి ఊగుతుంది, ముఖం దిశలో ఊగదు. అప్పుడు వచ్చే అంకెలో తల వెడల్పు వల్ల వచ్చే మెలి భారం కూడా కలిసిపోతుంది. ఒకే ఆకారం రాకెట్లని పోల్చడానికి పర్వాలేదు. మణికొండ_వాలీ గారు మెటల్‌బోన్‌ని డైమండ్ ఆకారపు వెర్టెక్స్‌తో, టియర్‌డ్రాప్ (కన్నీటి బొట్టు) ఆకారపు ఏటీ10తో పోల్చాలి కాబట్టి సూది పద్ధతే మేలు.

నిజానికి రెండు పద్ధతులూ చేసి తేడా తీస్తే మెలి భారం విడిగా వస్తుంది. అది ఎక్కువున్న రాకెట్, బంతి పక్కంచుకి తగిలినా చేతిలో తిరిగిపోదు. గాజు నుంచి ఆలస్యంగా తీసే బంతులకి అదే ప్రాణం.

బ్యాక్‌గ్లాస్

అంకెలు మంచివే. అవి కాగితం మీద వడపోతకి. తీర్పు కోర్టులోనే.

డెమో సెషన్లో దాదాపు అందరూ చేసే పొరపాటు ఒకటుంది. రాకెట్ చేతికి రాగానే పది స్మాష్‌లు కొడతారు. రెండు బంతులు 3 మీటర్ల పక్క గోడ దాటి బయటపడితే ఇదే నా రాకెట్ అనేస్తారు. కాలు కుదిరి, బంతి నెత్తి మీద సరిగ్గా పడ్డప్పుడు ఏ టాప్ రాకెట్‌తోనైనా స్మాష్ పోతుంది. రాకెట్ల మధ్య తేడా కాలు కుదరనప్పుడు బయటపడుతుంది: మోకాలి కింద గాజు నుంచి వచ్చే బంతి, ఒంటి మీదకి కొట్టిన బంతికి బ్లాక్, వెనక్కి పరిగెడుతూ ఎత్తే లాబ్ (ప్రత్యర్థుల తల మీదుగా పోయే ఎత్తు బంతి).

70–80 నిమిషాల సెషన్‌కి నేను చెప్పే క్రమం ఇది. ఒక తోడు ఆటగాడు, ఒకే బ్రాండు కొత్త బంతులు రెండు డబ్బాలు. అన్ని రాకెట్లకీ ఒకే రకం ఓవర్‌గ్రిప్, ఒకే చుట్ట. ప్రొటెక్టర్లు పీకేయండి. మీ పాత రాకెట్ కూడా వరసలో ఉండాలి, పోల్చడానికి అదే మీ కొలబద్ద.

వేడెక్కడానికి 10 నిమిషాలు పాత రాకెట్‌తోనే. ఆ తర్వాత ఒక్కో రాకెట్‌తో 10 బంతులు, వెంటనే మార్చి 10, మళ్లీ మార్చి 10. ఒక రాకెట్‌తో అరగంట ఆడేసి రెండోది తీసుకుంటే చెయ్యి మొదటిదానికి అలవాటు పడిపోతుంది, పోలిక చెడుతుంది.

మొదట లాబ్‌లు. వెనక గాజు నుంచి తీసి, సర్వీస్ లైన్‌కీ అవతలి గాజుకీ మధ్య 3.05 మీటర్ల పట్టీలో పడేలా. ఎన్ని పడ్డాయో రాయండి. పొట్టిగా పడుతున్నాయా, గాజుకి నేరుగా తగులుతున్నాయా అన్నది వేరే గడిలో రాయండి. గట్టి రాకెట్‌తో నెమ్మది బంతికి లాబ్ పొట్టిగా పడుతుంది, మీరే భుజంతో నెట్టాలి. మెత్తటి రాకెట్‌తో బంతి ముఖంలో దిగబడి ఎగిరి, అనుకున్నదానికన్నా ముందుకి పోతుంది.

తర్వాత బ్లాక్ వాలీలు. తోడు ఆటగాడు సర్వీస్ లైన్ వెనక నుంచి ఒంటి మీదకి గట్టిగా కొట్టాలి. మీరు రాకెట్ ఊపకూడదు, అడ్డం పెట్టడమే. బంతి ఎంత లోతుకి పోతోంది, మెలి తిరుగుతోందా చూడండి. స్వింగ్ వెయిట్ ఎక్కువైన రాకెట్ ఇక్కడ బలంగా నిలబడుతుంది. కానీ ఫోర్‌హ్యాండ్ నుంచి బ్యాక్‌హ్యాండ్‌కి మార్చేటప్పుడు ఆలస్యం అవుతుంది. లెఫ్ట్ సైడ్ ఆటగాడికి మధ్య బంతులు ఎక్కువ, ఆ మార్పిడి వేగం బాగా చూసుకోవాలి.

మూడోది బందేహా, వీబొరా (రెండూ తల పైనుంచి కోతతో కొట్టే దెబ్బలు). ఇక్కడ బలం మార్కులు వద్దు. బంతి గాజుకి తగిలాక ఎంత ఎత్తు లేచిందో చూడండి. మోకాలి కిందే ఉండిపోతే కోత బాగా పడినట్టు.

చికీటాలు ఒక పది. నెట్ దగ్గరున్నవాళ్ల పాదాల దగ్గరికి మెల్లగా. నెమ్మది బంతికి ముఖం ఎంత మాట వింటుందో దీంట్లో తప్ప తెలియదు.

స్మాష్‌లు చివర్లో, పది చాలు.

ఇక అసలు పరీక్ష. రెండు సెట్లు ఆడి అలిసిపోయాక మళ్లీ లాబ్‌లూ బ్లాక్‌లూ కొట్టండి, మొదటి లెక్కతో పోల్చండి. మొదట 10కి 7 లాబ్‌లు పట్టీలో పడిన రాకెట్ అలిసిన చేతితో 4కి దిగిపోతే, దాని స్మాష్ ఎంత గొప్పదైనా అది మీ రాకెట్ కాదు.

ఎడారి_లాబ్

దుబాయ్ నుంచి. పైవన్నీ సరే, ఉష్ణోగ్రత మాట ఎవరూ ఎత్తలేదు.

లోపల ఉండేది ఈవీఏ ఫోమ్. వేడికి మెత్తబడుతుంది, చలికి బిగుసుకుంటుంది. స్పెయిన్‌లో శీతాకాలం పొద్దున 8 డిగ్రీల్లో "రాయిలా ఉంది" అని రివ్యూ రాసిన రాకెట్, ఇక్కడ మే నెల సాయంత్రం 38 డిగ్రీల్లో మధ్యరకం గట్టిదనంతో ఆడుతుంది. అక్కడ "హాయిగా ఉంది" అన్న మెత్తటి రాకెట్ ఇక్కడ జావలా అవుతుంది, బంతి వదలదు, లాబ్‌లు గాజుకి పోతాయి. హైదరాబాద్ వేసవికీ ఇదే వర్తిస్తుంది. ఇండోర్ ఏసీ కోర్టులో డెమో చేసి ఓపెన్ కోర్టు కోసం కొనకండి. రెండు సెషన్లు ఇస్తున్నారు కదా, ఒకటి ఇండోర్‌లో, ఒకటి బయట పెట్టించుకోండి.

రాకెట్‌ని చంపేది ఆటకన్నా కారు డిక్కీ. ఎండలో ఆపిన కారు లోపల 60 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడికి ఫోమ్‌కీ కార్బన్ ముఖానికీ మధ్య అతుకు బలహీనపడుతుంది, ఒకచోట ముఖం లేచి బోలు శబ్దం వస్తుంది. థర్మల్ అర ఉన్న బ్యాగు వేడిని ఆలస్యం చేస్తుందే తప్ప ఆపదు. ఆఫీసుకి వెళ్తే రాకెట్ కూడా లోపలికి రావాల్సిందే.

బెజవాడ_బందేహా

వేడితో పాటు ఎత్తు కూడా. పాడెల్ బంతిని 2.54 మీటర్ల నుంచి వదిలితే 135–145 సెం.మీ. లేవాలని రూలు. సముద్రమట్టానికి 500 మీటర్లు దాటిన ఊళ్లలో తక్కువ లేచే బంతి, 122–135 సెం.మీ. రకం, వాడొచ్చని కూడా రూలే చెబుతుంది. హైదరాబాద్ ఆ గీతకి కొంచెం పైనే ఉంది, విజయవాడ ఎక్కడో కింద ఉంది. ఒకే డబ్బా బంతి హైదరాబాద్‌లో కాస్త చురుగ్గా పోతుంది. మా దగ్గర కుదిరిన రాకెట్ మీకు ఒక పిసరు వేగం అనిపించవచ్చు.

మణికొండ_వాలీ

చాలా ఉపయోగం, అందరికీ ధన్యవాదాలు. 18కె అంటే 12కె కన్నా గట్టిది, 3కె మెత్తది, అంతేనా?

పోగుబంధం

అంతే కాదు. కె అంటే వెయ్యి. 3కె అంటే ఒక్కో పోగులో 3 వేల కార్బన్ తంతువులు, 18కె అంటే 18 వేలు. అది పోగు లావు, అంతవరకే. నేతలో గళ్లు పెద్దవిగా కనిపించడానికి కారణం అదే. ముఖం బిగువు తేల్చేవి వేరు: ఎన్ని పొరలు వేశారు, ఏ కోణంలో వేశారు, చదరపు మీటరుకి ఎన్ని గ్రాముల గుడ్డ, తంతువు రకం, రెజిన్ ఎంత, కింద ఫోమ్ ఎంత గట్టిది. రెండు పొరల 18కె, మూడు పొరల 3కె కన్నా మెత్తగా ఉండొచ్చు. ఒకే బ్రాండు తన 12కె, 18కె రాకెట్లకి వేర్వేరు ఫోమ్ పెడితే, మీకు చేతిలో తెలిసే తేడాలో ఫోమ్ వాటా ఎంతో, గుడ్డ వాటా ఎంతో విడదీయలేం.

ఇంకో సంగతి, పేర్ల తోక చూసుకోండి. వెర్టెక్స్‌లో మామూలుది, కంఫర్ట్, హైబ్రిడ్ అని వేర్వేరు రాకెట్లు వచ్చాయి. రంగూ పేరూ దగ్గరదగ్గర, ఆట వేరు. మెటల్‌బోన్‌లోనూ మామూలుది వేరు, హెచ్ఆర్‌డీ ప్లస్ వేరు. బాబోలాట్ వైపర్‌లో టెక్నికల్ డైమండ్, కౌంటర్ గుండ్రం, ఎయిర్ రెంటి మధ్య తేలికపాటిది. డెమో ఆడింది ఏదో, బిల్లు మీద ఉన్నది ఏదో అక్షరం అక్షరం సరిపోల్చండి, ఏ సంవత్సరం మోడలో కూడా.

ముఖం బిగువుని పోల్చడానికి ఒక పరీక్ష. రాకెట్‌ని రెండు ఇటుకల మీద ఫ్రేమ్ మాత్రమే ఆనేలా పడుకోబెట్టి, పిడి మీద ఇసుక సంచి పెట్టండి. ముఖం మీద తొమ్మిది చోట్ల చిన్న స్టిక్కర్లు: మధ్యలో, పైన, కింద, ఇరుపక్కలా, నాలుగు మూలలా. 1 మీటరు నుంచి కొత్త బంతిని ఒక్కో చోట ఐదుసార్లు వదిలి, పక్కన స్కేలు పెట్టి స్లో మోషన్‌లో తీయండి. మధ్యలో ఎంత లేచింది అన్నది ఒక అంకె. మధ్యకీ అంచులకీ ఎంత పడిపోయింది అన్నది అంతకన్నా విలువైన అంకె. డైమండ్‌లో ఎక్కువ లేచే చోటు పైకి జరిగి ఉంటుంది, గుండ్రంలో నడుమనే. టియర్‌డ్రాప్ ఈ రెంటి మధ్య.

ఒక హెచ్చరిక: బిగించిన రాకెట్ చేతిలోని రాకెట్‌లా ప్రవర్తించదు. చేతిలో అంచు దెబ్బకి అది తిరిగిపోతుంది కూడా. కాబట్టి దీన్ని ఊయల_లెక్క గారి మెలి భారంతో కలిపి చదవాలి.

బ్యాక్‌గ్లాస్

ఉపరితలం గురించి రెండు ముక్కలు. ముఖం చదునుగా ఉండాలి, నున్నగానైనా గరుకుగానైనా ఉండొచ్చని రూలు. గరుకు రెండు రకాలు. ఇసుక చల్లినట్టుండే పూత కొత్తలో బాగా పడుతుంది, వాడకంతో అరిగిపోతుంది, ముందు మధ్యలో. అచ్చులోనే పోసిన గీతలూ దిమ్మెలూ ఎక్కువ కాలం ఉంటాయి. డెమో రాకెట్ మధ్యలో గోటితో గీకి, అదే గోటితో పైఅంచు దగ్గర గీకండి. శబ్దం వేరుగా ఉంటే పూత అరిగింది, దాని స్పిన్ చూసి కొత్తదాన్ని అంచనా వేయకండి. బిగువు కూడా అంతే, డెమో రాకెట్ చాలా చేతులు మారి మెత్తబడి ఉంటుంది. కొత్త పీసు మొదటి కొన్ని సెషన్లు ఇంకాస్త గట్టిగా తగులుతుంది.

తూకంరాళ్లు

డెమో అయినా సెకండ్ హ్యాండ్ అయినా పగుళ్ల పరీక్ష చేయకుండా తీసుకోకండి. రూపాయి నాణెం అంచుతో ముఖం మీద 2 సెం.మీ. ఎడంలో వరసగా తట్టుకుంటూ పోండి. కుండ కొనేటప్పుడు తట్టినట్టే. టక్ టక్ అని ఒకే స్వరం రావాలి. ఎక్కడైనా మొద్దుగా, బోలుగా మారితే అక్కడ పొర లేచింది. తర్వాత ఫ్రేమ్: పైఅంచుకి రెండు పక్కలా, గోడకి తగిలే చోట, ప్రొటెక్టర్ ఎత్తి చూడండి. పెయింటు పగులుకీ కార్బన్ పగులుకీ తేడా తెలియకపోతే ఆ చోట బొటనవేలితో గట్టిగా నొక్కండి, కిర్రుమంటే లోపలి పగులే. గొంతు దగ్గర రెండు చేతులతో కొంచెం మెలిపెట్టినా శబ్దం రాకూడదు.

స్క్రూలతో బిగించే బరువు బిళ్లలున్న రాకెట్లలో (మెటల్‌బోన్ ప్రత్యేకతే అది) స్క్రూలన్నీ ఉన్నాయా, మరలు అరిగాయా చూడాలి. వదులైన స్క్రూ శబ్దాన్ని పగులు శబ్దంగా పొరబడతారు. ఏ బిళ్లలు బిగించి ఉన్నాయో రాసుకోండి, లేకపోతే మీరు ఆడిన డెమో బ్యాలెన్స్ ఇంకొకరి ఎంపిక అవుతుంది.

నకిలీల బెడద కూడా ఉంది. సోషల్ మీడియాలో మూడో వంతు ధరకి చూపించేవాటి జోలికి పోకండి. బ్రాండు సైటులో పేరున్న డీలరు దగ్గర కొని, సీరియల్ నంబరు ఉంటే బిల్లు మీద రాయించుకోండి. గోడకి తగిలి పగిలితే వారంటీ వర్తించదన్న షరతు సాధారణంగా ఉంటుంది, అది కొనేముందే చదవాలి.

ఫిజియో_కోణం

వారానికి నాలుగు సెషన్లు అన్నారు కాబట్టి చెబుతున్నా. గట్టి ఫోమ్, హై బ్యాలెన్స్, గట్టి ముఖం మూడూ ఒకేసారి వద్దు. మూడింట్లో ఒకటి వదులుకోండి. మోచేయి బయటివైపు నొప్పికి రాకెట్ ఒక్కటే కారణం కాదు, బంతిని ఆలస్యంగా కొట్టడం, పిడిని బిగించి పట్టడం కూడా కారణాలే. కానీ బరువైన తల ఆ రెండు తప్పుల్నీ పెంచుతుంది.

పిడి లావు చూసుకోండి. పాడెల్ రాకెట్లు చాలావరకు ఒకే సైజు పిడితో, సన్నగానే వస్తాయి. పట్టుకున్నప్పుడు వేళ్ల కొసలు అరచేతి కండని గుచ్చుకుంటే సన్నం, ఇంకో ఓవర్‌గ్రిప్ చుట్టండి. వేళ్లకీ అరచేతికీ మధ్య చిటికెన వేలు పట్టేంత సందు ఉంటే సరి. సన్నటి పిడిని ఎక్కువ బిగించి పట్టాల్సి వస్తుంది, ముంజేయి కండరం త్వరగా అలుస్తుంది.

కొత్త రాకెట్‌ని మొదటి వారం రెండు సెషన్లలోనే, అదీ సగం సేపు. మిగతా పాతదానితో. అరచేయి కిందకి పెట్టి నిండు గ్లాసు ఎత్తినప్పుడు మోచేయి బయట కలుక్కుమంటే ఆపేసి చూపించుకోండి.

మణికొండ_వాలీ

లాబ్ లెక్కతో డెమోలు అయ్యాయి. అలిసిన చేతితో కూడా నిలబడింది టియర్‌డ్రాపే, మోడల్ ఖాయం. షాపులో రెండు పీసులున్నాయి, ఓవర్‌గ్రిప్ లేకుండా:

మొదటిది 362 గ్రా., 25.8 సెం.మీ.
రెండోది 374 గ్రా., 26.5 సెం.మీ.

డెమోలో నచ్చింది 26.1 దగ్గర ఉంది. ఏది తీసుకోవాలి? రెండోదానికి పిడిలో బరువు పెట్టి దించొచ్చా?

ఊయల_లెక్క

మొదటిది. బరువు కలపొచ్చు, చెక్కలేం.

రెండోదాన్ని 26.1కి దించాలంటే పిడిలో, అడుగు నుంచి 3 సెం.మీ. దగ్గర 6.5 గ్రాములు కావాలి. అంకె దిగుతుంది. కానీ 10 సెం.మీ. ఇరుసు నుంచి అది 7 సెం.మీ. దూరంలోనే ఉంది: 0.0065 × 49 = 0.3. స్వింగ్ వెయిట్ తగ్గలేదు, ఒక పిసరు పెరిగింది. చేతిలో ఉండేది 380 గ్రాముల రాకెట్, తల భారం ఎక్కడిదక్కడే. పెన్సిల్ మీద మీకు నచ్చిన రాకెట్‌లా తూగుతుంది, ఊపులో కాదు.

మొదటిదాన్ని 26.1కి ఎక్కించాలంటే పైభాగంలో, అడుగు నుంచి 40 సెం.మీ. దగ్గర 7.8 గ్రాములు. మొత్తం 370 గ్రా., స్వింగ్ వెయిట్ పెంపు 0.0078 × 900 = 7. ఇదంతా ఒకేసారి అంటించకండి. ముందు 3 గ్రాములు, రెండు సెషన్లు, మళ్లీ 2. 26.1 రాకముందే చెయ్యి చాలంటే అక్కడే ఆపండి.

తూకంరాళ్లు

పక్కల మీద, 3 గంటలు 9 గంటల స్థానాల్లో అంటిస్తే? మెలి భారం కూడా పెరుగుతుంది కదా.

ఊయల_లెక్క

పెరుగుతుంది, అది మంచిదే. కానీ ఆ చోటు అడుగు నుంచి 31 సెం.మీ. దగ్గరే ఉంటుంది. బ్యాలెన్స్ 26.1 చేయాలంటే 22 గ్రాములు పట్టాలి, రాకెట్ 384కి పోతుంది. అంచు దెబ్బలకి తిరిగిపోతోంది అనిపిస్తే పక్కకి 2 గ్రాముల చొప్పున పెట్టి, మిగతాది పైన పెట్టండి.

మణికొండ_వాలీ

అలాగే, మొదటిదే తీసుకుంటా. టేపు ఎక్కడ అంటించాలి, ప్రొటెక్టర్ పైనా, కిందా?

తూకంరాళ్లు

కింద. ముందు ప్రొటెక్టర్‌ని విడిగా తూచి ఆ 7.8లోంచి తీసేయండి, అది కూడా తల మీది బరువే. అది 5 గ్రాములదైతే మీకు టేపుకి మిగిలేది 2.8 కాదు, సుమారు 1.4 గ్రాములే, ఎందుకంటే ప్రొటెక్టర్ 40 దగ్గర కాకుండా 44 దగ్గర కూర్చుంటుంది.

ఫ్రేమ్ అంచుని స్పిరిట్ ముంచిన గుడ్డతో తుడిచి, ఆరాక, నడిమి గీతకి అటూ ఇటూ సమానంగా పట్టీలు అంటించండి. మూలలు గుండ్రంగా కత్తిరిస్తే లేవవు. సీసం టేపు అయితే చేతులు కడుక్కోండి, దాని మీద ప్రొటెక్టర్ పూర్తిగా కప్పాలి. ముఖం మీదకి రానివ్వకండి, బంతి తగిలే చోట టేపు ఉండకూడదు. అంటించాక ఓవర్‌గ్రిప్ చుట్టకముందే ఒకసారి పెన్సిల్ మీద పెట్టి చూసి, ఆ అంకెని పిడి అడుగున మార్కర్‌తో రాసి ఉంచండి.